పులి–మేక బొమ్మలకు రంగులు వేయు విధానము

 

ఈసారి గోడ పత్రికకు "మీకు వచ్చిన పని ఒకటి ఇతరులకు నేర్పించేటట్టు రాయండి" అని తెలుగు మాస్టారు చెప్పారు. నాకు బాగా వచ్చిన పని ఒక్కటే. ఆటబొమ్మలకు రంగులు వేయడం. అది కూడా పూర్తిగా రాదు. సైన్సు రికార్డులో రాసినట్టుగా ఉద్దేశ్యము, కావలసిన వస్తువులు, విధానము, జాగ్రత్తలు, ఫలితము అని వరసగా రాయుచున్నాను. తప్పులున్న యెడల క్షమించగలరు.

ఉద్దేశ్యము

పులి–మేక ఆట మనందరికీ తెలుసు. 3 పులులు, 15 మేకలు. గీతలు కలిసే చోట్లు 23. పులి ఒక మేక మీదనుంచి దూకి అవతలి ఖాళీలో పడితే ఆ మేక చచ్చినట్టు. మేకలు దగ్గర దగ్గరగా చేరి మూడు పులులకూ దారి లేకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. మా ఊరిలో మా తాతలు బండ మీద గీతలు గీసి ఆడతారు. ఇక్కడ మనం వరండాలో సుద్దముక్కతో గీసి, పులులకి గులకరాళ్ళు, మేకలకి చింతగింజలు పెట్టి ఆడుతున్నాం. రాళ్ళు పోతాయి. గింజల్ని చెల్లెళ్ళు కాల్చుకుని తినేస్తారు. అందుచేత మట్టితో బొమ్మలు చేసి రంగులు వేయాలని నేను, నా స్నేహితురాలు అనుకున్నాం.

ఈ ఆలోచన మాకు ఊరికే రాలేదు. పోయిన జూలైలో మన బడికి శిక్షణకు వచ్చిన టీచర్ గారు ఒక ఆట పెట్టె తెచ్చారు గదా. అందులో బొటనవేలి కణుపంత ప్లాస్టిక్ మనుషులు ఉన్నారు. కొందరు బూడిద రంగులోనే ఉన్నారు. కొందరికి టీచర్ గారే రంగులు వేశారు. రంగు వేసిన వాళ్ళకి కళ్ళు, ముక్కు, చొక్కా మడతలు అన్నీ కనిపించాయి. వెయ్యని వాళ్ళకి కూడా అవన్నీ ఉన్నాయి. కానీ కనిపించలేదు.

టీచర్ గారు మరికొన్ని సంగతులు చెప్పారు. ఇంగ్లండులో హెచ్.జి.వెల్స్ అనే రచయిత 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకం రాసి, బొమ్మ సైనికులతో ఆడే ఆటకు నియమాలు పెట్టారు. ఇప్పుడు చాలా దేశాలలో పెద్దవాళ్ళు కూడా ఇలాంటి చిన్న బొమ్మలు కొని, సొంతంగా రంగులు వేసుకుని ఆడతారు. అంతకంటే చాలా పాతవి కూడా ఉన్నాయి. స్కాట్లండులో లూయిస్ అనే దీవిలో 1831లో చదరంగం బొమ్మలు దొరికాయి. వాటిని సుమారు 800 సంవత్సరాల క్రితం చెక్కారు. ఎక్కువ భాగం వాల్రస్ అనే సముద్ర జంతువు దంతంతో చేసినవే. దొరికినప్పుడు కొన్నిటికి ఎర్ర రంగు ఉన్నదట. ఏది ఎవరి పక్షమో తెలియాలి గదా.

కావలసిన వస్తువులు

1. చీమల పుట్ట మట్టి (రాళ్ళు లేకుండా జల్లించినది)
2. ఉప్పుకాగితం ముక్క
3. సుద్దముక్కల పొడి, ఫెవికాల్
4. పోస్టర్ రంగులు – తెలుపు, నలుపు, పసుపు, ఎరుపు
5. సన్న కుంచె ఒకటి, అరిగిపోయిన పాత కుంచె ఒకటి
6. మందు సీసా మూతలు, కొవ్వొత్తి ముక్క
7. రెండు డబ్బాల నీళ్ళు, పాత గుడ్డ

పసుపు, ఎరుపు, కొంచెం నలుపు కలిపితే పులికి కావలసిన గోధుమ రంగు వచ్చేస్తుంది. వేరే కొననక్కర లేదు.

విధానము

మొదటి మెట్టు – బొమ్మ చేయుట. మట్టిని బాగా పిసికి పులిని నాలుగు సెంటీమీటర్లు, మేకను రెండున్నర సెంటీమీటర్లు చేయాలి. మేము మొదట నిలబడిన మేకలను చేశాం. ఆరేసరికి అన్నిటి కాళ్ళూ విరిగిపోయాయి. అప్పుడు నా స్నేహితురాలు "పడుకున్న మేకల్ని చేద్దామే, వాటికి కాళ్ళు కడుపు కిందే ఉంటాయి" అన్నది. అవి విరగలేదు. నీడలో నాలుగు రోజులు ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగుళ్ళు వస్తాయి. ఆరాక ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దాలి.

రెండవ మెట్టు – పిడి పెట్టుట. మందు సీసా మూత మీద కొవ్వొత్తి మైనం రెండు చుక్కలు వేసి బొమ్మను అతికించాలి. ఇకమీదట మూతనే పట్టుకోవాలి. బొమ్మను ముట్టుకుంటే చేతి జిడ్డు అంటుకుని రంగు నిలవదు. మూతను తిప్పుకుంటే అన్ని పక్కలా వేయవచ్చును.

మూడవ మెట్టు – తెల్లపూత. ఉత్తి మట్టి మీద రంగు వేస్తే మట్టి తాగేస్తుంది. అందుకని సుద్దపొడి, ఫెవికాల్, నీళ్ళు కలిపి మజ్జిగలాగ చేసి ముందు ఒక పూత వేయాలి. కొండపల్లి బొమ్మలు చేసేవారు కూడా ఇలాగే చేస్తారు. తెల్ల పొణికి కర్రతో బొమ్మ చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలను అతికి, సున్నం పూత వేసి, ఆరిన తరువాతనే రంగులు వేస్తారు. వారి కుంచెలు మేక వెంట్రుకలతో చేసినవి. ప్లాస్టిక్ బొమ్మలకైతే సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు మొదటి పూత వేస్తారని టీచర్ గారు చెప్పారు. ఏ బొమ్మకైనా మొదటి పూత తప్పదు.

నాలుగవ మెట్టు – అసలు రంగు. ఇక్కడే నేను తప్పు చేశాను. తొందరగా అయిపోవాలని రంగును సీసాలో ఉన్నది ఉన్నట్టు చిక్కగా పూసీసాను. నా మొదటి మేకకి చెవులు పోయాయి, మూతి పోయింది. నా స్నేహితురాలు చూసి నవ్వింది. "అలాగ పూస్తే మేక అవదే, ముద్ద అవుతాది" అన్నది. మేము మా సవర భాషలో మాట్లాడుకుంటాం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆమెకు ఎలా తెలుసంటే, వాళ్ళ తాత మా ఊరిలో ఇళ్ళ గోడల మీద బొమ్మలు వేస్తారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద, నానబెట్టి నూరిన బియ్యప్పిండితో, వెదురుపుల్ల కొనతో వేస్తారు. పిండి చిక్కగా ఉంటే గీత నడవదు. పలచగా ఉంటే కారిపోతుంది. ఆమె చిన్నప్పటినుంచి చూస్తున్నది. నేను కూడా ఆ ఊరిలోనే పుట్టాను గానీ అంత దగ్గరగా చూడలేదు.

కాబట్టి సూత్రము ఏమనగా: ఒక చిక్కటి పూత కంటే రెండు పలచటి పూతలు మేలు. నాలుగు చుక్కల రంగుకి ఒక చుక్క ఫెవికాల్, రెండు చుక్కల నీళ్ళు కలపాలి. మొదటి పూత వేసినప్పుడు కింద తెల్లదనం కనిపిస్తుంది. కంగారు పడకూడదు. బాగా ఆరనిచ్చి రెండోది వేయాలి. ఫెవికాల్ ఎందుకంటే, పోస్టర్ రంగు ఆరిపోయాక కూడా నీళ్ళు తగిలితే మళ్ళీ కరుగుతుంది. రెండో పూత వేస్తుంటే మొదటిది లేచి వచ్చేస్తుంది. ఫెవికాల్ దాన్ని పట్టి ఉంచుతుంది. అక్రిలిక్ రంగులు ఆరాక కరగవు. అవి దొరికితే ఈ బాధ లేదు.

అయిదవ మెట్టు – నీడ వేయుట. ముందు ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి బొమ్మంతా ఒకసారి పూసి ఆరబెట్టాలి. తెల్లగా కనిపిస్తుంది గానీ ఆరాక అద్దంలాగ అయిపోతుంది. తరువాత ఒక చుక్క నల్ల రంగుకి ఏడెనిమిది చుక్కల నీళ్ళు కలిపి బొమ్మ మీద వదలాలి. రుద్దరాదు. ఆ మురికి నీరు తనంతట తానే పల్లాలలోకి, మెడ కిందకి, చెవి మడతలోకి పోయి నిలుస్తుంది. ఎత్తుగా ఉన్న చోట నిలవదు. వాన నీరు మన కొండ మీద నిలవక గెడ్డలోకి పోయినట్టే. అక్కడ నీడ పడినట్టు కనిపిస్తుంది.

ఆరవ మెట్టు – పొడి కుంచె. పాత కుంచెకి తెల్ల రంగు అంటించి, గుడ్డకి తుడిచి తుడిచి, ఇక రంగు లేదు అనుకున్నాక బొమ్మ మీద మెల్లగా ఆడించాలి. ఎత్తుగా ఉన్న బొచ్చుకి, వెన్నుకి మాత్రమే రంగు తగులుతుంది. దానివలన బొచ్చు మీద ఎండ పడినట్టు ఉంటుంది. ఇది చూసి ఆరో తరగతి చెల్లెళ్ళు "అక్కా, నిజం మేకలాగుందే" అన్నారు.

ఏడవ మెట్టు – చారలు, కళ్ళు. పులి చారలు కుంచెతో నాకు లావుగా వచ్చాయి. నా స్నేహితురాలు వెదురుపుల్లను సన్నగా చీల్చి, కొన నలగ్గొట్టి ఇచ్చింది. దానితో సన్నగా వచ్చాయి. కన్నుకి కుంచె వద్దు. గుండుసూది తలను రంగులో ముంచి ఒక్కసారి ఆనించాలి. ఊపిరి వదిలి, ముంజేయి బల్లకి ఆనించుకుని పెడితే చెయ్యి వణకదు. చివరికి మళ్ళీ ఫెవికాల్ నీళ్ళు ఒక పూత వేసి ఆరబెట్టాలి.

జాగ్రత్తలు

1. కుంచెను నోట్లో పెట్టి మొన చేయరాదు. రంగులలో ఏమి కలుపుతారో మనకు తెలియదు. గుడ్డ మీద తిప్పితే మొన వస్తుంది.
2. రంగు కడిగిన నీళ్ళు తాగే నీళ్ళ దగ్గర పోయరాదు.
3. కుంచెను డబ్బాలో తలకిందులుగా వదిలేయరాదు. వెంట్రుకలు వంగిపోతాయి.
4. ఇవి కాల్చని మట్టి బొమ్మలు. తడి తగిలితే కరుగుతాయి.
5. చదువు వేళలో చేయరాదు. వార్డెన్ అమ్మగారు మొదట "పదో తరగతి వస్తోంది, మట్టి పిసుక్కుంటూ కూర్చుంటారా" అని కోప్పడ్డారు. తరువాత ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఒప్పుకున్నారు. వారికి కృతజ్ఞతలు.

ఫలితము

3 పులులు, 12 మేకలు పూర్తి అయినవి. 3 మేకలు కాలేదు.

ఆ మూడూ నా స్నేహితురాలి వాటా. తెల్లపూత వరకు వేసి, అట్టపెట్టెలో పెట్టి సంక్రాంతి సెలవులకి ఊరు వెళ్ళింది. కందికొత్తల పండుగ అయ్యింది, అందరం వచ్చేశాం. ఆమె రాలేదు. వాళ్ళ అమ్మకి ఒంట్లో బాగులేదు. తమ్ముడు చిన్నవాడు. కొండచీపుర్లు కోసే రోజులు. ఆమె మంచం నా పక్కనే ఖాళీగా ఉన్నది.

కొందరు "ఆ మూడింటికీ నువ్వే వేసేయొచ్చు గదా" అంటున్నారు. వేయగలను. కానీ వేయలేదు. మూడు మేకల చోట చింతగింజలు పెట్టి ఆడుతున్నాం. ఆట ఆగలేదు. కానీ ఆడిన ప్రతిసారీ ఆ మూడు గింజలు నాకు కనిపిస్తున్నాయి.

మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేను. వాళ్ళ ఇంట్లో ఆమె. నన్ను పంపేటప్పుడు మా అయ్య రిజిస్టరులో వేలిముద్ర వేసి, "మీరిద్దరూ ఒకరినొకరు చూసుకోండి" అన్నారు. నేను సరిగా చూసుకున్నానో లేదో నాకు తెలియడం లేదు. సెలవుల చివరి రోజున వాళ్ళ ఇంటికి వెళ్ళి పిలవాల్సింది. బస్సుకి వేళ అయిపోతోందని తొందరపడి వచ్చీసాను. చిక్కటి రంగు పూసినట్టే చేశాను.

పులి–మేకలో ఒంటరిగా ఉన్న మేకనే పులి తింటుంది. పక్కన ఇంకొక మేక ఉంటే దూకడానికి చోటుండదు. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు.

అందుచేత హెడ్మాస్టరు గారికి, వార్డెన్ అమ్మగారికి నా విన్నపము ఏమనగా, ఎవరైనా ఒకసారి మా ఊరు వెళ్ళి వాళ్ళ అమ్మతో మాట్లాడవలెను. వాళ్ళ అమ్మకి ఆసుపత్రి సంగతి ఏమైనా చెప్పగలిగితే ఇంకా మంచిది. పేరు కొట్టివేయకండి. నేను ఆమె నోట్సులు అన్నీ రాసి ఉంచుతున్నాను. లెక్కలలో రెండు పాఠాలు, సైన్సులో ఒకటి అయినవి.

ఈ వ్యాసానికి రెండవ ప్రతి కూడా రాశాను. సంతకు వచ్చే మా ఊరివాళ్ళ చేత ఆమెకు పంపుతున్నాను. నీడ వేయడం, పొడి కుంచె ఆమె వెళ్ళాకనే నాకు బాగా వచ్చాయి. ఆమెకు ఇంకా తెలియవు. చదివితే తెలుస్తాయి. ఆమె నాకంటే బాగా వేస్తుంది.

మూడు మేకలు, వెదురుపుల్ల కుంచె అట్టపెట్టెలో ఉన్నవి. దయచేసి ఎవరూ ముట్టుకోవద్దు.

ప్రశ్నలు (చెల్లెళ్ళ కొరకు)

1. ఉత్తి మట్టి మీద రంగు ఎందుకు నిలవదు?
2. పోస్టర్ రంగులో ఫెవికాల్ ఎందుకు కలుపుతారు?
3. నీడ వేసే రంగు ఎక్కడ నిలుస్తుంది? పొడి కుంచె రంగు ఎక్కడ తగులుతుంది?

జవాబులు నాకు చెప్పినవారికి వచ్చే ఆదివారం ఒక మేకను చేయడం నేర్పిస్తాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని,
కిటికీ పక్క రెండో మంచం