వెంగే చెక్క: కొనే ముందు, కోసే ముందు

కిచెన్ కబోర్డులకు ‘వెంగే కలర్’ అడిగితే షాపులో చూపించేది చాలావరకు లామినేట్ షీటే. అసలు వెంగే కామెరూన్, గాబన్, కాంగో అడవుల చెట్టు. మన కానుగకు చుట్టమే. ముదురు గోధుమరంగు మీద దగ్గరదగ్గరగా నల్ల చారలుంటాయి.

1. ముందు అంచు చూడండి. అసలు చెక్కలో చారలు మందంలోకి కూడా దిగుతాయి. లామినేట్‌లో పైపైనే ఆగిపోతాయి, కొంత దూరం పోయాక అదే డిజైన్ మళ్లీ కనిపిస్తుంది.

2. అప్పుడే కోసిన ముక్క పసుపుపచ్చగా ఉంటే మోసపోయామని కంగారు పడొద్దు. గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది.

3. బరువు ఎక్కువ. ఘనమీటరు టేకు సుమారు 650 కిలోలుంటే, ఇది 870 దాకా తూగుతుంది. చదరంగం పలక, కత్తి పిడి, ఫొటో ఫ్రేము, టీపాయ్ పైపలకలకు బాగా నప్పుతుంది. ఇరుకు గదిలో నిలువెత్తు బీరువా మాత్రం వద్దంటాను, గదంతా చీకటిగా ఉంటుంది.

4. దీని పేళ్లతో జాగ్రత్త. అంచులు సూదుల్లా లేస్తాయి. గుచ్చుకుంటే చీము పట్టే అవకాశం మామూలు చెక్కల కన్నా ఎక్కువ, పుండు త్వరగా మానదు. పలకలు మోసేటప్పుడు మందపాటి గ్లోవ్స్ వేసుకోండి. గుచ్చుకున్న పేడును వెంటనే తీసి, సబ్బుతో కడగండి. వాపు వస్తే డాక్టరుకు చూపించాల్సిందే.

5. రంపపు పొట్టు కళ్లకు, చర్మానికి పడదు. కొందరికి కడుపునొప్పి కూడా వస్తుంది. మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని ఆరుబయట కోయించండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

6. స్క్రూ నేరుగా దించితే చెక్క చీలుతుంది. ముందు డ్రిల్లుతో సన్న బెజ్జం వేయాలి. రంపం, చిత్రిక త్వరగా మొద్దుబారతాయి, అందుకే వడ్రంగి కూలి కాస్త ఎక్కువ అడిగితే విసుక్కోకండి.

7. చెక్కలో అక్కడక్కడా జిగురు నిండిన అరలుంటాయి. అక్కడ ఫెవికాల్ సరిగా పట్టదు, పాలిష్ ఆరదు. అతికే ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. రంధ్రాలు పెద్దవి కాబట్టి నున్నగా కావాలంటే నల్లరంగు ఫిల్లర్ పూయించాలి. స్టెయిన్ అక్కర్లేదు. ఆయిల్ పాలిష్ పడితే దాదాపు నల్లగా తేలుతుంది.

8. ఎండ పడే కిటికీ పక్కన పెట్టకండి, రంగు వెలుస్తుంది.

9. ఈ చెట్టు ఇప్పుడు అంతరించే ప్రమాదమున్న జాతుల్లో ఉంది. పెద్ద సామానుకు ప్లైవుడ్ మీద వెంగే వెనీర్ అతికించుకోవడం మేలు. వెనీర్ పొర బాగా పలచన. మెషీన్ పెట్టకుండా సన్నరకం శాండ్‌పేపర్‌తో చేత్తోనే, చారల వెంట రుద్దమనండి.