అపరిచిత గద్యభాగం: ఇంగ్లీషు చదివి గ్రహించుట ఎట్లు?
(ఉన్నత పాఠశాల విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఒక పాఠము)



పదవ తరగతి పరీక్షను కర్ణాటకలోను, తమిళనాడులోను ఎస్.ఎస్.ఎల్.సి. అంటారు. మహారాష్ట్రలో ఎస్.ఎస్.సి. అంటారు. పేరు ఏదైనా, ఇంగ్లీషు పేపరులో మన పిల్లలను భయపెట్టే ప్రశ్న ఒకటున్నది. పాఠ్యపుస్తకంలో లేని ఒక పేరా ఇచ్చి, దాని క్రింద నాలుగైదు ప్రశ్నలు అడుగుతారు. దీనినే అపరిచిత గద్యభాగం అంటాము. వ్యాసాన్ని బట్టీపట్టవచ్చు, లేఖను బట్టీపట్టవచ్చు, పద్యం సారాంశాన్ని గైడులో చూచి అప్పగించవచ్చు. కాని ఎన్నడూ చూడని పేరాను బట్టీపట్టడం ఎవరివల్ల అవుతుంది? కావున ఈ పాఠంలో దానిని గూర్చి కొంత వివరంగా చెప్పదలచాము.

1. ఇది మార్కుల సంగతి మాత్రమే కాదు

ఈ ప్రశ్న వదిలివేసినా పాసు మార్కులు వస్తాయిలే అని కొందరు పిల్లలు లెక్క వేసుకుంటారు. రావచ్చు. కాని పదవ తరగతి తరువాత ఏమి జరుగుతుందో చూడండి. డిప్లొమాలో చేరినా, నర్సింగులో చేరినా, కాలేజీలో సైన్సు తీసుకున్నా, పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. అక్కడ ప్రతి పేజీ అపరిచిత గద్యభాగమే. పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొని, మొదటి సంవత్సరం డిప్లొమాలో పుస్తకం అర్థంకాక చదువు మానివేసిన పిల్లలను మేము ఎరుగుదుము. వారికి తెలివి తక్కువ కాలేదు. చదివి గ్రహించే అలవాటును ఎవరూ నేర్పలేదు, అంతే. తండ్రి రైల్వేలోనో మిల్లులోనో కష్టపడి ఫీజు కట్టిన ఇంట్లో ఇది చిన్న నష్టం కాదు.

2. తెలుగు అడ్డం కాదు

"ఇంగ్లీషు రావాలంటే ఇంట్లో తెలుగు మానిపించండి" అని సలహా చెప్పేవారున్నారు. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒరియానో, మరాఠీనో చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. దానిపైన ఇంగ్లీషు కూడానా అని తల్లిదండ్రులు కంగారుపడటం సహజమే. అయితే కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త 1979లో ఒక సంగతిని వివరించారు. ఒక భాషలో బాగా చదివి ఆలోచించే నేర్పు రెండవ భాషకు కూడా ఉపయోగపడుతుందని ఆయన సిద్ధాంతం. పేరాలో ముఖ్య విషయం ఏది, కారణం ఏది, ఫలితం ఏది అని వెతకడం తెలుగులో వచ్చినవానికి ఇంగ్లీషులో మాటలు నేర్చుకొంటే సరిపోతుంది. ఏ భాషలోను అది రానివానికి రెండూ కష్టమే. కాబట్టి ఇంట్లో తెలుగు ఉండనివ్వండి. పిల్లవాడు చదివిన ఇంగ్లీషు పేరాను తెలుగులో చెప్పించడానికి అదే పనికివస్తుంది.

చదువుటకు ముందుగా ప్రాధాన్యమివ్వాలన్న మాట మన దేశంలో కొత్తది కాదు. 1920లలో ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషులో మొట్టమొదట కావలసినది చదివి గ్రహించే శక్తి అని వాదించారు. తెలిసిన మాటల మధ్య కొద్దికొద్దిగా కొత్త మాటలు చేర్చి వాచకాలు తయారుచేశారు. తరచుగా వచ్చే సుమారు 2,000 మాటలతో ఆయన సిద్ధం చేసిన జాబితా 1953లో వెలువడింది. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి ఈ పేరు పరిచయమే.

3. ఇంగ్లీషు వాక్యం నడక వేరు

తెలుగు వాక్యంలో క్రియ చివరకు వస్తుంది. ఇంగ్లీషులో కర్త వెంటనే వస్తుంది. ఇది అందరికీ తెలుసు. పిల్లలు తప్పిపోయేది మరొకచోట. "నిన్న వచ్చిన మనిషి" అని మనం అంటాము. వివరం ముందు, మనిషి తరువాత. ఇంగ్లీషులో "ది మ్యాన్ హూ కేమ్ ఎస్టర్‌డే" అంటారు. మనిషి ముందు, వివరం వెనుక. వాక్యం మధ్యలో "హూ", "విచ్", "దట్" కనబడితే, అక్కడినుండి వచ్చేది ముందున్న మాటకు వివరమా అని చూడవలెను. ఆ వివరాన్ని పెన్సిలుతో కుండలీకరణంలో పెట్టి, మిగిలిన వాక్యాన్ని ముందు చదవవలెను. అప్పుడు అసలు క్రియ బయటపడుతుంది.

చిన్న మాటలను దాటిపోకూడదు. "బట్", "హౌఎవర్", "ఆల్దో" అన్నవి వస్తే మాట మలుపు తిరుగుతున్నదని గుర్తు. "అన్‌లెస్" అంటే అలా చేయకపోతే అని. "హార్డ్" అంటే కష్టమని తెలుసు గనుక "హార్డ్‌లీ" అంటే కష్టపడి అని పిల్లలు రాస్తారు. దాని అర్థం దాదాపు లేదు అని. "ఎ ఫ్యూ" అంటే కొందరు ఉన్నారని, ఒట్టి "ఫ్యూ" అంటే బహు కొద్దిమందే అని. ఒక్క అక్షరంలో అర్థం తారుమారవుతుంది.

4. తెలిసిన మాటలే మోసం చేస్తాయి

మన తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలతో జాగ్రత్త. మనకు హోటలు అంటే ఇడ్లీ, దోసె దొరికే చోటు. పుస్తకంలో హోటల్ అంటే బస చేసే చోటు. మనకు కరెంటు అంటే విద్యుత్తు. పేరాలో "కరెంట్ ఇయర్" అంటే నడుస్తున్న సంవత్సరం. "ఆమె ఫీలయింది" అంటే మనం నొచ్చుకున్నదని అంటాము. ఇంగ్లీషులో "షి ఫెల్ట్" తరువాత సంతోషం రావచ్చు, చలి కూడా రావచ్చు. తెలియని మాట దగ్గర పిల్లవాడు ఆగి ఆలోచిస్తాడు. తెలిసిందనుకున్న మాట దగ్గర ఆగడు. ప్రమాదం అక్కడే.

5. ఒక చిన్న అభ్యాసం

ఈ పాఠం కోసం మేము రాసిన పేరా ఇది. ఇంగ్లీషు చదవలేని తల్లిదండ్రులు కూడా పిల్లలచేత చెప్పించుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాము. విద్యార్థులు దీనిని ఇంగ్లీషు అక్షరాలలో నోటుబుక్కులో రాసుకోవలెను.

"రాజు రన్స్ ఎ స్మాల్ టైలరింగ్ షాప్. హి యూజువల్లీ క్లోజెస్ ఇట్ ఎట్ ఎయిట్. లాస్ట్ మండే, హౌఎవర్, ది లైట్స్ వెంట్ అవుట్ ఎట్ సెవెన్. ఎ కస్టమర్ హూ హాడ్ ఆర్డర్డ్ ఎ స్కూల్ యూనిఫామ్ వాజ్ స్టిల్ వెయిటింగ్. రాజు ఫినిష్డ్ ఇట్ బై క్యాండిల్‌లైట్ అండ్ రిఫ్యూజ్డ్ ఎనీ ఎక్స్‌ట్రా మనీ. 'యువర్ సన్ హాజ్ టు గో టు స్కూల్ టుమారో,' హి సెడ్."

ఇప్పుడు ప్రశ్నలు. ముందు జవాబులు చూడకుండా ప్రయత్నించండి.

(అ) రాజు మామూలుగా కొట్టు ఎన్ని గంటలకు మూస్తాడు?
(ఆ) మొదటి వాక్యంలో "రన్స్" అంటే ఏమిటి?
(ఇ) రెండవ వాక్యంలోని "ఇట్" దేనిని సూచిస్తుంది? అయిదవ వాక్యంలోని "ఇట్" దేనిని సూచిస్తుంది?
(ఈ) వచ్చిన మనిషి ఎక్కువ డబ్బు ఇవ్వజూపాడా?
(ఉ) రాజు ఎటువంటివాడు? ఎలా చెప్పగలరు?

జవాబులు చూద్దాము. (అ) ఎనిమిది గంటలకు. ఏడు అని రాసినవారు "యూజువల్లీ" అన్న మాటను వదిలేశారు. ఏడు గంటలకు దీపాలు ఆరిపోయాయి. కొట్టు మూశాడని ఎక్కడా లేదు. (ఆ) నడుపుతున్నాడు. పరుగెత్తడం కాదు. పక్కన షాపు ఉన్నది గనుక అర్థం మారింది. (ఇ) మొదటిది కొట్టు, రెండవది యూనిఫారం. ఒకే మాట రెండు వస్తువులను సూచించింది. "ఇట్", "దే", "దిస్" కనబడినప్పుడల్లా వెనక్కు చూచి, అక్కడ ఏ వస్తువు పెడితే వాక్యానికి అర్థం కుదురుతుందో తేల్చుకోవలెను. (ఈ) ఇవ్వజూపాడనే తెలుస్తున్నది. ఆ మాట నేరుగా రాసిలేదు. కాని రాజు వద్దన్నాడని ఉన్నది. ఇవ్వబోతేనే గదా వద్దనేది! దీనినే ఊహించి గ్రహించుట అంటారు. (ఉ) కష్టమైనా పని పూర్తిచేసేవాడు, దయగలవాడు. ఆధారం రెండు చోట్ల ఉన్నది: కొవ్వొత్తి వెలుగులో కుట్టడం, ఎక్కువ డబ్బు తీసుకోకపోవడం. ఆధారం చూపకుండా మంచివాడు అని రాస్తే సగం జవాబే.

ఆరు వాక్యాలలో ఎన్ని రకాల ప్రశ్నలు ఇమిడాయో చూశారు గదా. పరీక్షలో వచ్చేవి చాలావరకు ఈ రకాలే: ఉన్న సంగతి అడిగేది, సందర్భాన్నిబట్టి మాట అర్థం అడిగేది, సర్వనామం దేనిని సూచిస్తుందో అడిగేది, ఊహించి చెప్పమనేది, అభిప్రాయానికి ఆధారం అడిగేది.

6. పరీక్షలో పాటించవలసిన క్రమం

1940వ దశకంలో అమెరికాకు చెందిన ఫ్రాన్సిస్ రాబిన్సన్ ఒక చదువు పద్ధతి చెప్పారు: పైపైన చూడు, ప్రశ్న వేసుకో, చదువు, చూడకుండా చెప్పుకో, మరల సరిచూడు. మన పరీక్షకు తగినట్లుగా దానిని ఇలా మార్చి చెబుతున్నాము.

మొదట ప్రశ్నలు ఒకసారి చదవవలెను. ఏమి వెతకాలో తెలుస్తుంది. రెండవది, పేరాను మధ్యలో ఆగకుండా చివరివరకు చదవవలెను. తెలియని మాట వచ్చినా సాగిపోవలెను. మూడవది, మరల నెమ్మదిగా చదువుతూ ఏ ప్రశ్నకు ఏ వాక్యంలో జవాబున్నదో పక్కన అంకె వేయవలెను. నాలుగవది, జవాబు రాయవలెను. "వై" అని అడిగితే కారణం చెప్పాలి. "హూ" అని అడిగితే మనిషిని చెప్పాలి. ప్రశ్న జరిగిపోయిన కాలంలో ఉంటే జవాబు కూడా ఆ కాలంలోనే ఉండాలి. అయిదవది, రాసిన జవాబును ప్రశ్నతో కలిపి ఒకసారి చదువుకోవలెను. ప్రశ్నలోని ఒక మాట పేరాలో కనబడగానే ఆ వాక్యమంతా ఎత్తి రాయడం మన పిల్లల పెద్ద జబ్బు. ఈ చివరి మెట్టు దానికి మందు.

7. ఇంట్లో ఏమి చేయాలి?

రోజుకు 20 నిమిషాలు చాలు, వారానికి ఆరు రోజులు. చదివే పేరా మరీ కష్టంగా ఉండకూడదు. నూరు మాటలలో తెలియనివి రెండు మూడు ఉంటే మంచిది. పదికి మించితే అది చదువు కాదు, నిఘంటువు వెతుకులాట. అటువంటప్పుడు సిగ్గుపడక క్రింది తరగతి వాచకం తీసుకోవలెను. మొదటి రెండు రోజులు మాటలు ఊహించడం, తరువాతి రెండు రోజులు ప్రశ్నలకు జవాబులు రాయడం, అయిదవ రోజు పేరాను మూడు వాక్యాలలో కుదించడం, ఆరవ రోజు చదివేవాడే ప్రశ్నలు తయారుచేయడం. సెల్‌ఫోనులో నిఘంటువు ఉండటం మేలే. కాని ముందు ఊహించి, తరువాత చూడవలెను.

అమ్మలారా, అయ్యలారా, మీకు ఇంగ్లీషు రాదని వెనుకాడకండి. పిల్లవాడు చదివిన తరువాత పుస్తకం మూయించి, "ఏమున్నదిరా అందులో? ఎవరు? ఎందుకలా చేశాడు? నీకెలా తెలిసింది?" అని తెలుగులో అడగండి. ఈ నాలుగు ప్రశ్నలకు తడబడకుండా జవాబు చెప్పగలిగితే వాడికి అర్థమైనట్టే. నీళ్లు నమిలితే మరల చదవమనండి. ఈ పనికి ట్యూషను ఫీజు అక్కరలేదు, డిగ్రీ అక్కరలేదు. సాయంకాలం పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి కూడా చేయగలదు. కాలేజీలో చదువుతున్న అన్నలు, అక్కలు ఇరుగుపొరుగు పిల్లలను నలుగురిని పోగుచేసి వారానికి ఒక గంట ఇస్తే ఇంకా మంచిది.

పరీక్షలు దగ్గరపడిన తరువాత మొదలుపెడితే ఈ అలవాటు రాదు. తొమ్మిదవ తరగతిలో, వీలైతే ఎనిమిదిలోనే, మొదలుపెట్టవలెను.

మననం చేయవలసిన ప్రశ్నలు

1. "హూ", "విచ్" వచ్చిన వాక్యంలో అసలు క్రియను ఎలా కనుగొంటారు?
2. హోటల్, కరెంట్ వలె మన వాడుకలో అర్థం మారిన మరో మూడు ఇంగ్లీషు మాటలు రాయండి.
3. పై పేరాకు తగిన శీర్షిక పెట్టి, అది ఎందుకు తగునో ఇంట్లో పెద్దలకు తెలుగులో చెప్పండి.