దారిలో దిగి నడచినవాడు

ఈ పాఠమునకు ముందుగా చదువవలసిన భాగములు: నిర్గమకాండము 23:4–5, ద్వితీయోపదేశకాండము 22:4, 24:14–15, లూకా 10:25–37, గలతీయులకు 6:1–5.



ఈ నెల పాఠమును మేము ఒక గాడిదతో ఆరంభించుచున్నాము. నిర్గమకాండము ఇరువదిమూడవ అధ్యాయము న్యాయసభలలో సాక్ష్యమును గూర్చియు, లంచమును గూర్చియు, సంవత్సరమునకు మూడుమారులు ఆచరింపవలసిన పండుగలను గూర్చియు చెప్పును. అంత గొప్ప సంగతుల నడుమ, దారిలో బరువుక్రింద కూలబడిన ఒక గాడిదను దేవుడు మరువలేదు. అదియు స్నేహితుని గాడిద కాదు, మనలను ద్వేషించువాని గాడిద. దానిని చూచి తప్పుకొనిపోగోరినను పోరాదనియు, వానితో కూడ చెయ్యివేసి విడిపింపవలెననియు ఆజ్ఞ. ద్వితీయోపదేశకాండములో ఇదే ఆజ్ఞ మరల వచ్చునప్పుడు ఆ పశువు మన సహోదరునిది. శత్రువైనను సహోదరుడైనను బరువు ఒక్కటే గదా.

ఇచ్చట “వానితో కూడ” అను మాటను గురుతు పెట్టుకొనుడి. క్రీస్తు తరువాత సుమారు 200వ సంవత్సరమున కూర్చబడిన మిష్నా అను యూదుల ధర్మగ్రంథములో ఈ మాటను గూర్చి ఒక చర్చ కలదు. గాడిద యజమానుడు చెట్టునీడను కూర్చుండి, “ఆజ్ఞ నీకు గదా, నీవే దింపుకొనుము” అనినయెడల, ఆ బాటసారి సాయము చేయనక్కరలేదు. ఏలయనగా “వానితో కూడ” అని వ్రాయబడినది. అయితే యజమానుడు ముసలివాడైనను రోగియైనను బాటసారి ఒంటరిగానైనను చేయవలెను. ఆ పెద్దలు మనుష్యులను బాగుగా ఎరిగినవారని మాకు తోచుచున్నది. బరువు లాగువానిని ప్రక్కకు నెట్టి తానే లాగుట ఒకటి, వాని ప్రక్కను నిలిచి చెయ్యివేయుట మరియొకటి.

ఇక మన ఊరికి వత్తము. మహేంద్రతనయ సముద్రములో కలియు చోట బారువ యున్నది. నేడు మన తీరమునకు వచ్చువారు దీపస్తంభమును చూచి, ఇసుకలో ఫొటోలు తీసికొని, నీటిలో మునిగియున్న పాత ఓడను గూర్చి అడిగి వెళ్లుదురు. కాని మన తాతల కాలమున ఇది రంగూను రేవు. ఓడలు ఒడ్డునకు రాలేకపోయెడివి. దూరమున లంగరు వేయగా, కొబ్బరి పీచుతాళ్లతో కుట్టిన మసూలా పడవలలో మనవారు కెరటములు దాటి ఓడనెక్కెడివారు. మేస్త్రీయొద్ద బయానా తీసికొని వెళ్లినవారు ఆ అప్పు తీరువరకు వానికి లోబడియుండవలసినదే. రేవులో బస్తాలు మోసినవారును, బియ్యపు మిల్లులలో పనిచేసినవారును, మనుష్యులను లాగెడి రిక్షాలకు కట్టుకొనినవారును మన తెలుగువారే. ఆ రిక్షాను బర్మావారు లంచా అనెడివారు. కాకినాడయొద్దనున్న కోరంగి రేవు పేరనుబట్టి మనవారిని “కోరంగీలు” అని పిలిచిరి; పోనుపోను అది తిట్టుమాటయైనది. 1931 జనాభా లెక్కలలో రంగూను పట్టణమున సగముకంటె ఎక్కువమంది హిందూదేశస్థులే. అంతకు ముందటి సంవత్సరము, 1930 మే నెలలో, రేవు కూలిపని విషయమై తెలుగువారికిని బర్మావారికిని పుట్టిన తగవు వీధులలో రక్తపాతమైనది. ఇద్దరును కూలివారే. ఒకని నోటికాడి కూడు మరియొకనికి చూపించి పని జరుపుకొనినవారు వేరే యుండిరి.

మాలో ఒకని తాత ఆ రంగూనులో ఏడేండ్లు లంచా లాగెను. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు పడిన తరువాత, కాలినడకను అరకాను కొండలు దాటి వచ్చినవారిలో ఆయన ఒకడు. దారిలో కలరాచేతను ఆకలిచేతను పోయినవారిని గూర్చి ఆయన ఎన్నడును చెప్పలేదు. అడిగినను లేచి పోయెడివాడు. కాని ఒక్క సంగతిని మాత్రము ముసలితనములో పదేపదే చెప్పెను. గొప్ప పగోడా ఉన్న గుట్టవైపు ఎత్తుదారిలో ఒక దినమున ఒక ఓడ కళాసిని ఎక్కించుకొని లాగుచుండెనట. ఎండ మండుచున్నది. ఆ కళాసి ఏ దేశమువాడో తాతకు తెలియదు, వాని భాషయు తెలియదు. ఎత్తు మొదలగుచోట వాడు లంచా ఆపించి, దిగి, తాత ప్రక్కను నడచి, ఎత్తు అయిన తరువాత మరల ఎక్కెను. తాత ఈ కథను ఎప్పుడును ఒకే మాటతో ముగించెడివాడు: “కూలి ఇచ్చినాడు గాని దరమం ఇయ్యలేదురా. ఒప్పుకున్నదే ఇచ్చినాడు.”

చిన్నతనమున మాకు ఈ మాట అర్థము కాలేదు. ఎక్కువ ఇచ్చియుంటే మేలు గదా అనుకొంటిమి.

2019 ఫిబ్రవరిలో మాలో ముగ్గురము ఆ రంగూనును చూడబోతిమి. ఇప్పుడు దానిని యాంగోను అనుచున్నారు. మలేసియాలో పని చేయుచున్న ఒక కుమారుడు టిక్కెట్లు ముందే కొనియుంచెను. ఆ తరువాత, 2018 అక్టోబరు 11న, టిట్లీ తుపాను పలాస చేరువను తీరము దాటి మన ఉద్దానమును ఏమి చేసెనో మీకు చెప్పనక్కరలేదు. పడిన కొబ్బరిచెట్లను ఇంకను కోసి తీయుచుండగానే మేము బయలుదేరితిమి. కొందరు తప్పు పట్టిరి. వారు అన్నదానిలో సత్యము లేకపోలేదు. ఏలాగైనను, ఆ ప్రయాణములో ప్రతి రూపాయిని మేము రెండుమారులు లెక్కించితిమని చెప్పుట న్యాయము.

యాంగోను నదికి ఆవలి ఒడ్డున దల్లా అను పేట యున్నది. పూర్వము ఐరావడీ ఫ్లోటిల్లా కంపెనీవారి ఓడల యార్డు అచ్చటనే ఉండెను. మనవారనేకులు అందులో పనిచేసిరి. పాన్సొడాన్ రేవునుండి కొద్ది నిమిషములలో పెద్ద పడవ దాటించును. దిగగానే సైక్కావాండ్రు చుట్టుకొందురు. సైక్కా అనగా సైకిలుకు ప్రక్కన తగిలించిన బండి. అందులో ఇద్దరు వీపులు ఆనించుకొని కూర్చుందురు. ఒకడు ముందుదారి చూచును, మరియొకడు వెనుకదారి చూచును. మన ఊరి రిక్షాలో తొక్కువాని వీపు మాత్రము కనబడెడిది. సైక్కాలో ఆయన మన ప్రక్కనే, చెయ్యి చాపిన తగులునంత దూరమున, తొక్కును. ఆయన ఊపిరి మనకు వినబడును. తప్పించుకొనుటకు వీలులేదు.

మాతో అక్కడనే పుట్టిన ఒక తెలుగు పెద్దమనిషి ఉండెను. ఆయన పూర్వికులు మన జిల్లావారే. ఆయన మాటలలో మా అమ్మమ్మల నోట విని మరచిపోయిన మాటలు కొన్ని దొరికెను. ఆయన ద్వారా బేరమాడితిమి. సైక్కావాడు అరువదేండ్లు దాటిన బర్మా మనిషి. ఆయన అడిగినదానిలో కొంత తగ్గించితిమి. తగ్గినది ఎంత? లెక్కించి చూడగా ఒక కప్పు టీ ఖరీదు. తుపానులో చెట్లు పోయినవారము గనుక మాకు అది న్యాయముగానే తోచెను.

ఒక చిన్న కాలువమీద వీపు ఎత్తిన వంతెన వచ్చెను. ఆయన సీటుమీదనుండి లేచి, బరువంతయు పెడలుమీద వేసి తొక్కుచున్నాడు. గొలుసు కిర్రుమనుచున్నది. ఊపిరి ఈలవేసినట్లు వచ్చుచున్నది. అప్పుడు ముందుదారి చూచుచున్న మావాడు, తాత కథ జ్ఞాపకము వచ్చి కాబోలు, “ఆపండి, దిగిపోతాం” అని గట్టిగా కేకవేసి, ఆయన ఆపకముందే కాలు క్రింద పెట్టెను. బండి ఒరిగెను. వెనుకకు చూచుచున్నవానికి మాత్రము మరియొకటి కనబడెను: మా వెనుక వచ్చుచున్న పడుచు సైక్కావాండ్రు ఇద్దరు ఆ ముసలాయనను చూపి నవ్వుచున్నారు.

ఆయన దిగలేదు, తొక్కలేదు; హ్యాండిలు పట్టుకొని అట్లే నిలిచిపోయెను. ముఖము ఎఱ్ఱబడెను. ఏదో అనెను. మా పెద్దమనిషి కొంతసేపు తెలుగు చేయక ఊరకుండి, పిమ్మట చెప్పెను: “ముసిలోణ్ణి, నాగలేనని మీకెవలు సెప్పినారు, అంటన్నాడు బాబూ. దిగిపోతే సగం డబ్బులే ఇస్తారని బయపడతన్నాడు కూడాను.”

ఆ రెండు మాటలును మాకు దెబ్బలవలె తగిలెను. రెండవది మరి ఎక్కువ. బేరమాడినవారము మేమే గనుక మమ్మును ఆయన అట్లు తలంచుటకు కారణము మేమే ఇచ్చియుంటిమి.

గలతీయుల పత్రికలో పౌలు ఒకచోట ఒకరి భారములను ఒకరు మోయవలెననును. మూడు వచనములు దాటగానే ప్రతివాడు తన బరువు తానే మోసికొనవలెననును. ఇది పరస్పర విరోధము కాదు. గ్రీకులో రెండును వేరు మాటలు. మన తెలుగు బైబిలువారును ఒకచోట భారమనియు మరియొకచోట బరువనియు వ్రాసిరి. (బారువవారికి బరువు సంగతి బాగుగా తెలియునని మన ఆదివారపు బడి పిల్లలు పరిహాసమాడుట కలదు.) మొదటి మాట మనిషిని నలుగగొట్టు భారమునకు చెల్లును, రెండవది ప్రతివాడు తనదిగా ఎత్తుకొని నడచెడి మూటకు చెల్లును. ఆ ముసలాయనకు సైక్కా తన మూట. దానితో తన ఇల్లు నిలుపుకొనుచున్నాడు. వంతెన ఎత్తు భారము. మేము ఎత్తునుండి తప్పించబోయి మూటనే లాగుకొంటిమి.

ఆ కళాసి యెట్లు దిగెనో తాత చెప్పిన కథను అప్పుడు మరల తలపోసితిమి. వాడు కేకవేయలేదు. బండి ఆపించి దిగెను. ప్రక్కను నడచెను. తిరిగి ఎక్కెను, అనగా నీవు లాగలేవని కాదు, ఈ ఎత్తు ఇద్దరిదని మాత్రమే చెప్పెను. ఒప్పుకొనిన కూలి పూర్తిగా ఇచ్చెను.

మాలో పెద్దవాడు పెద్దమనిషితో ఈలాగు చెప్పించెను: మేము చాలసేపు కూర్చుండి కాళ్లు తిమ్మిరెక్కినవి, వంతెన దాటువరకు ఆయనతో నడుచుటకు సెలవియ్యవలెను, కూలి మొదట ఆయన అడిగినదే, తగ్గించినది కాదు. ఇంకను ఒక మాట: ఈయన తాత ఈ పట్టణములోనే లంచా లాగినవాడు. ఆ చివరి మాట విని ముసలాయన మావాని భుజములవైపు చాలసేపు చూచెను. తరువాత నవ్వెను. మేము చెరియొక ప్రక్కను చెయ్యివేసితిమి, ఆయన హ్యాండిలు వదలలేదు. వంతెనమీద ఆయనే మాకు ముందు నడచెను.

మంచి సమరయుని ఉపమానమును మనము వినివిని అరుగగొట్టితిమి గనుక ఇచ్చట రెండు సంగతులే చెప్పెదము. అతడును పరదేశములోనున్న బాటసారియే. యూదయ దారి అతనిది కాదు. యెరూషలేమునుండి యెరికోకు దారి సుమారు 27 కిలోమీటర్లు, వెయ్యి మీటర్లకు పైగా దిగుడు. గాయపడినవానిని తన వాహనముమీద ఎక్కించెనని లూకా వ్రాసెను. అట్లయినయెడల అతడు తాను దిగి నడచియుండవలెను. దీనిని గూర్చి ప్రసంగములు మేము అంతగా వినలేదు. మరియు అతడిచ్చిన రెండు దేనారములు రెండు దినముల కూలి. పూటకూళ్లవానికి అతడు వట్టి మాట చెప్పి పోలేదు. ఎక్కువ ఖర్చయినయెడల తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని అప్పు తనమీద వేసికొనెను. దయ చూపుచు ఆ ఊరివాని వ్యాపారమును నష్టపరచలేదు.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము కూలివానిని గూర్చి చెప్పునప్పుడు, వాడు మన సహోదరుడైనను మన దేశములోనున్న పరదేశియైనను ఒక్కటే అనును. ప్రొద్దు గ్రుంకకముందే కూలి ఇచ్చివేయవలెను, ఏలయనగా వాడు దానిమీదనే ఆశపెట్టుకొనియున్నాడు. గమనించుడి, ఇది దానధర్మముల అధ్యాయములోని మాట కాదు. బాకీ తీర్చుట. యాకోబు పత్రిక అయిదవ అధ్యాయములో బిగపట్టిన కూలి తానే మొఱ్ఱపెట్టును. మేము ఆ టీ ఖరీదును తగ్గించునప్పుడు ఏ మొఱ్ఱయు మా చెవిని పడలేదు. ఆయన ఊపిరి ప్రక్కనుండి వినబడినప్పుడే వింటిమి. అందుచేత ఈ పాఠమును బోధించువారు తమ తరగతిలో సముద్రము దాటిన సంగతి చెప్పి ఊరకుండక, కంచిలిలోను సోంపేటలోను మన మూటలెక్కించు ఆటోవానిని గూర్చియు, జీడిపిక్కలు ఒలుచు స్త్రీల దినకూలిని గూర్చియు అడుగవలెనని కోరుచున్నాము. మన ఉద్దానపు పిల్లలు దూరదేశములలో డ్రైవర్లుగా నున్నారు. వారి బండ్లెక్కువారు ఎవరో, దిగువారు ఎవరో మనకు తెలియదు.

దల్లా రేవునకు తిరిగి వచ్చినప్పుడు మరియొకటి జరిగెను. దానిని దాచుట సత్యము కాదు. కూలి పూర్తిగా ఇచ్చిన తరువాత, మాలో ఒకడు, తాత మనుమడే, మరియొక నోటు మడిచి ముసలాయన జేబులో పెట్టెను. ఆయన తీసి తిరిగి ఇయ్యలేదు. చూడనైనను లేదు. గంట మ్రోగించుకొనుచు ఖాళీ బండితో వెళ్లిపోయెను. పడవలో మేము వాదించుకొంటిమి: తాత చెప్పిన మాటను మనుమడే తప్పెననియు, కాదు, ముసలాయన ఇంట బియ్యమునకు పనికివచ్చుననియు.

2021లో ఆ దేశమున సైన్యము అధికారము చేపట్టిన తరువాత మేము మరల వెళ్లలేదు. క్రిందటి స్త్రీల కూడికలో ఈ సంగతి చెప్పగా, ఒక అప్ప లేచి, “ఎక్కువిస్తే తప్పేటి? ఆకలికి కూలని, దరమమని తెలస్తాదా?” అని అడిగెను. ఆమె ప్రక్కనే కూర్చున్న ఆమె కోడలు తల అడ్డముగా ఊపుచున్నది. ఆమె పెనిమిటి దుబాయిలో టాక్సీ నడుపుచున్నాడు. ఆ ఇద్దరి మధ్య తగవు ఇంకను తీరలేదు.