హాలండ్-1: తొలి బ్రిటిష్ జలాంతర్గామి లోపలి కథ

విశాఖపట్టణపు సముద్రతీరాన 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న ‘కుర్సురా’ జలాంతర్గామిలోనికి పిల్లలను తీసికొని వెళ్ళినవారికి, దాని లోపల మసలడం ఎంత కష్టమో తెలిసే ఉంటుంది. అది 91 మీటర్ల నౌక. ఇంగ్లండు దక్షిణతీరాన గోస్‌పోర్ట్ పట్టణంలో, వయసులో దానికి ముత్తాత అనదగిన నౌక ఒకటి ఉన్నది. దాని పొడవు ఇరవై మీటర్లకు లోపే. బ్రిటిష్ నౌకాదళపు మొట్టమొదటి జలాంతర్గామి అయిన దాని పేరు ‘హాలండ్-1’. ఎనిమిదిమంది నావికులు, ఒక పెట్రోలు యంత్రం, అరవై విద్యుద్ఘటాలు, టార్పెడోలు అన్నీ మధ్య గోడలు లేని ఒకే ఉక్కు గొట్టంలో ఇమిడి ఉండేవి. యుద్ధంలో ఆ నౌకకు శత్రువు ఎదురుపడనేలేదు. దానిలోని మనుషులను భయపెట్టినవి ఎక్కువగా లోపలి పదార్థాలే.

పేరు చూచి ఇది డచ్చివారి నౌక అనుకోరాదు. 1841లో ఐర్లండులో జన్మించి, ఉపాధ్యాయుడుగా పనిచేసి, 1873లో అమెరికాకు వలస వెళ్ళిన జాన్ ఫిలిప్ హాలండ్ దీని రూపకర్త. ఆయన తొలి ప్రయోగాలకు ధనసహాయం చేసినవారు బ్రిటిష్ నౌకలను ముంచగోరిన ఐరిష్ విప్లవకారులు. 1900లో అమెరికా నౌకాదళం ఆయన నౌకను కొన్నది. ఆ మరుసటి సంవత్సరమే, ఎవరిపైకి ఉద్దేశించి ఆయన పని మొదలుపెట్టాడో ఆ బ్రిటిష్‌వారే ఆయన నమూనాను అనుసరించి బారో రేవులోని విక్కర్స్ కర్మాగారంలో నౌకను కట్టించి, 1901 అక్టోబరు 2న నీటిలోనికి దింపారు. చరిత్రకు హాస్యప్రియత్వం ఎక్కువ కాబోలు.

హాలండ్ ప్రతిభ అంతా తూకంలో ఉన్నది. మునగడానికి తొట్టెలలోనికి సముద్రజలాన్ని నింపుతారు. అయినా కొద్దిపాటి తేలే గుణం మిగిలేటట్లు ఆయన లెక్క కట్టాడు. ఆ కొద్దిపాటి బలాన్ని జయించి నౌకను క్రిందికి నడిపేవి వెనుకభాగంలోని అడ్డచుక్కానులు. కనుక చోదనశక్తి ఆగిపోతే నౌక తనంతట తానే పైకి రావాలి. టార్పెడో వెలుపలికి పోగానే దాని బరువుకు సరిపడే నీరు లోనికి చేరాలి. లేకుంటే ముక్కు పైకి లేచి నౌక బయటపడిపోతుంది. బ్రిటిష్‌వారు దీనికి పెరిస్కోపును జోడించారు. దానిలో ముందువైపు దృశ్యం నిటారుగా, ప్రక్కవైపు దృశ్యం అడ్డంగా, వెనుకవైపు దృశ్యం తలక్రిందులుగా కనిపించేది!

నీటిపై ప్రయాణానికి 160 అశ్వశక్తుల పెట్రోలు యంత్రం ఉండేది. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది నౌక అడుగున చేరి ఒక్క నిప్పురవ్వ కోసం వేచి ఉంటుంది. యంత్రం నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైబడిన గాఢతతో పట్టుకుంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను పట్టడానికి నావికులు తెల్ల చిట్టెలుకలను పెంచారు. చిన్న శరీరం, వేగమైన శ్వాస గలవి కనుక మనుషులకంటె ముందుగా అవి సొమ్మసిల్లుతాయి. అవి తూలాయంటే మూత తెరవవలసినదే. అయితే ఎలుకలు పేలుడును ఆపలేవు. 1903 మార్చిలో ఈ నౌకలోనే పేలుడు సంభవించి నలుగురు గాయపడ్డారు. 1905లో దీని తరువాతి తరానికి చెందిన ఏ-5లో పెట్రోలు ఆవిరి అంటుకొని ఆరుగురు మరణించారు. అంత తేలికగా ఆవిరికాని డీజిల్ నూనెతో నడిచే డి-తరగతి నౌకలు 1908 నుండి రావడానికి ఇట్టి అనుభవాలు ఒక ముఖ్యకారణం.

నీటి అడుగున పెట్రోలు యంత్రం పనికిరాదు. లోపలి గాలిని అదే త్రాగివేస్తుంది. అక్కడ 70 అశ్వశక్తుల విద్యుత్ మోటారు పనిచేసేది. దానికి ఆధారం నేడు మన కార్లలో ఉన్నటువంటి సీసపు బ్యాటరీయే. సజల గంధకామ్లంలో సీసపు పలక ఒకటి, సీసపు డయాక్సైడు పలక ఒకటి. విద్యుత్తు నింపే వేళ చివరిదశలో నీరు విడిపోయి ఉదజని వెలువడుతుంది. గాలిలో అది నూటికి 4 పాళ్ళు దాటితే నిప్పు తగిలినప్పుడు మండుతుంది. అంతకంటె భయంకరమైనది ఉప్పునీరు ఘటాలలో పడడం. ఉప్పులోని క్లోరైడు అయాను ధనపలక వద్ద ఎలక్ట్రానును కోల్పోయి క్లోరిన్ వాయువుగా మారుతుంది. మూసిన గొట్టంలో ఊపిరితిత్తులను కాల్చే ఆ వాయువునుండి పారిపోయే చోటే లేదు.

నౌకాసేవ విషయంలో చెప్పవలసినది తక్కువ. 1904 అక్టోబరులో రష్యా నౌకాదళం ఉత్తర సముద్రంలో బ్రిటిష్ చేపల పడవలను జపాను యుద్ధనౌకలనుకొని కాల్చినప్పుడు, హాలండ్ నౌకలు దాడికి బయలుదేరాయి. అంతలోనే వెనుకకు పిలిపించారు. 1913లో 410 పౌండ్లకు పాతసామాను క్రింద అమ్మివేయగా, ఈడ్చుకొని పోతుండగా ఎడ్డీస్టోన్ దీపస్తంభం సమీపంలో నౌక మునిగిపోయింది. దానిలో అప్పుడు ఎవరూ లేరు.

1981లో దానిని కనుగొని, 1982లో పైకి తీశారు. శుభ్రపరచి, తుప్పునివారక రసాయనాలు పూసి ప్రదర్శనకు పెట్టారు. కాని సుమారు డెబ్బది ఏండ్లు సముద్రంలో ఉన్న ఉక్కు రంధ్రాలలో క్లోరైడు దాగి ఉన్నది. తేమగాలి తగిలినప్పుడల్లా ఇనుప క్లోరైడు ఆక్సీకరణం చెంది ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆమ్లం మరికొంత ఇనుమును తిని తిరిగి క్లోరైడు అవుతుంది. పైపూత క్రింద ఈ చక్రం సాగుతూనే ఉన్నది. పదేండ్లలో నౌక క్షీణించసాగింది. చివరకు 1995లో పెద్ద తొట్టె కట్టి, నౌకనంతటినీ సోడియం కార్బొనేటు ద్రావణంలో ముంచారు. మన చాకలిసోడాయే అది! క్షారగుణం వల్ల ఇనుము నిద్రాణస్థితిలో ఉంటుంది. లోపలి క్లోరైడు మెల్లమెల్లగా ద్రావణంలోనికి వచ్చేస్తుంది. ఈ స్నానానికి సంవత్సరాలు పట్టింది. 2001లో నౌకను తేమ అదుపులో ఉండే ప్రత్యేక భవనంలో ప్రజల సందర్శనార్థం నిలిపారు.