డెలివరీ వాహనము ఢీకొన్నపుడు: ప్రథమ చికిత్స, తదుపరి జాగ్రత్తలు

నేటి పట్టణములలో బియ్యము, మందులు, వండిన భోజనము మొదలైనవి ఇంటి గుమ్మమునకే వచ్చుచున్నవి. వీనిని తెచ్చువారు వేళకు చేరవలెనను ఆత్రముతో ఇరుకు సందులలోను, ఒక్కొక్కప్పుడు ఎదురు దారిలోను వాహనములను వేగముగా నడుపుట కద్దు. కాలినడకన పోవువారు, ముఖ్యముగా వృద్ధులును పిల్లలును, ఆ తాకిడికి గురియగుచుందురు.

ఇట్టి ప్రమాదములలో తరచుగా జరుగు పొరపాటు ఒకటి కలదు. సాయంకాలము కూరగాయలకు బయలుదేరిన ఒక పెద్దాయనను మలుపులో స్కూటరు పడగొట్టినదనుకొందము. ఆయన లేచి పంచె దులుపుకొని, "ఏమీ కాలేదులే నాయనా" అనును. కుర్రవాడు తన ఉద్యోగము పోవునని చేతులు జోడించును. చుట్టు చేరినవారు కొద్ది పైకము ఇప్పించి రాజీ చేయుదురు. బండి నంబరు ఎవరును వ్రాసికొనరు. రాత్రికి పెద్దాయనకు తలనొప్పి హెచ్చి వాంతులు మొదలగును. చికిత్సకు ఆలస్యము, ఖర్చులకు ఆధారము లేకపోవుట, ఈ రెండు కష్టములును ఒక్కసారిగా ఆ కుటుంబముపై పడును.

లేచి నడచినంత మాత్రమున క్షేమమని తలపరాదు. పుర్రెకును మెదడు పైపొరకును నడుమ రక్తనాళము చిట్లినపుడు, రోగి కొన్ని గంటలపాటు బాగుగనే ఉన్నట్లు కనబడవచ్చును. రక్తము గూడుకట్టి మెదడును ఒత్తిన పిదప స్పృహ తప్పును. కడుపులో ప్లీహము చితికినపుడును పైకి గాయము కనబడకయే లోపల రక్తము స్రవించుచుండును.

తొలి నిమిషములలో

ముందుగా 108 లేదా 112 నంబరునకు ఫోను చేయవలెను. మెడ, వెన్ను నొప్పిగా నున్నవనువానిని లేవదీయరాదు. వాహనముల రాకపోకలవలన ప్రాణభయమున్నపుడే, తలయు మెడయు కదలకుండ పట్టుకొని ప్రక్కకు చేర్చవలెను. రక్తము కారుచున్నచోట శుభ్రమైన గుడ్డను గట్టిగా అదిమి పట్టవలెను. పసుపు, కాఫీ పొడి, సున్నము గాయములో వేయరాదు. ఎముక విరిగినదేమో యను అనుమానమున్న అవయవమును నూనెతో తోమరాదు, లాగరాదు. స్పృహ లేనివానికి నీరైనను త్రాగింపరాదు. ఊపిరి ఆడుచున్నచో, మెడ మెలితిరుగకుండ ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. బండి నడిపినవానికిని దెబ్బలు తగిలియుండవచ్చును. అతనిని కొట్టుట నేరము, సహాయము చేయుట ధర్మము.

24 గంటల కనిపెట్టు

తలకు దెబ్బ తగిలినవానిని కనీసము 24 గంటలు ఒంటరిగా విడువరాదు. హెచ్చుచున్న తలనొప్పి, పలుమారులు వాంతి, లేపినను లేవని మగత, తికమక మాటలు, మూర్ఛ, చేయి లేక కాలు పట్టుతప్పుట, ముక్కు లేక చెవినుండి నీరు లేక రక్తము కారుట, ఇవి ప్రమాద చిహ్నములు. వీనిలో ఏ ఒక్కటి కనబడినను, కడుపునొప్పితో కన్నులు తిరిగినను వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. రక్తము గడ్డకట్టకుండుటకు మందులు వాడు వృద్ధులు తలకు దెబ్బ తగిలినచో, ఏ బాధయు లేకున్నను నాడే వైద్యుని చూడవలెను. ధనుర్వాతపు సూదిని గూర్చియు అడుగవలెను.

వివరముల నమోదు

బండి నంబరు, నడిపినవాని పేరు, సంచిపైనున్న కంపెనీ పేరు, స్థలము, వేళ, చూచినవారి ఫోను నంబర్లు వ్రాసికొని, ఛాయాచిత్రములు తీయవలెను. మందగతి విద్యుత్ స్కూటర్లలో కొన్నిటికి రిజిస్ట్రేషను అక్కరలేదు గనుక నంబరు ఉండదు. అట్టిచో కంపెనీ పేరును, ఆర్డరు వివరములును ఉపయోగపడును. పోలీసులకు ఫిర్యాదు చేసి ప్రతిని పొందవలెను. "జారిపడితిని" అనక, ప్రమాదము జరిగిన తీరు వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పి చీటీలో వ్రాయించవలెను. బిల్లులన్నియు దాచవలెను.

చట్టము, పరిహారము

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, గాయపడినవానికి వైద్యసహాయము అందునట్లు చూచుట నడిపినవాని విధి. ప్రాణాపాయమున నున్నవానికి పోలీసు లాంఛనములకై వేచియుండక చికిత్స చేయవలెనని సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పినది. మోటారు వాహన ప్రమాద బాధితులకు నిర్ణీత ఆసుపత్రులలో 7 దినముల వరకు, 1,50,000 రూపాయలు మించకుండ నగదు లేని చికిత్స కల్పించు పథకము 2025 మే నెలలో అమలులోనికి వచ్చినది. దీనికి పోలీసుల నిర్ధారణ అవసరము. పరిహారమునకు మోటారు ప్రమాదముల ట్రిబ్యునలునందు 6 నెలలలోపుననే దరఖాస్తు చేయుట మేలు. ఢీకొని పారిపోయిన వాహనము ఏదియో తెలియనిచో, తీవ్రముగా గాయపడినవారికి 50,000, మరణించినవారి కుటుంబమునకు 2,00,000 రూపాయలు చట్టము నిర్ణయించినది.

ఫిర్యాదు చేసినచో పేద కుర్రవాని బ్రదుకు చెడునని పలువురు జాలిపడుదురు. ఆ జాలి మంచిదే. కాని రిజిస్టరైన వాహనమునకు ఇతరుల నష్టము తీర్చు బీమా తప్పనిసరి. బీమా చెల్లుబడిలో నున్నచో పరిహారము సాధారణముగా బీమా సంస్థయే చెల్లించును. వీధిలో రాజీపడినచో ఆ కుర్రవాడు తన దినకూలిని కోల్పోవును, గాయపడినవాడు చికిత్సకు ఆధారమును కోల్పోవును. కావున కోపము వలదు, తొందరపాటు రాజీయును వలదు. ముందు వైద్యపరీక్ష, వెంటనే నమోదు, ఇవియే ఇరువురకును క్షేమము.