ఆపత్కాలమున ధరల నియంత్రణ

ఆపదలో సరుకు కొరవడుట సహజము. ఆ కొరతను ఆసరాగా చేసికొని ధర పెంచుట అన్యాయము. దీనిని అరికట్టుటకు 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టము ధరలను నిర్ణయించు అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చినది. ఉల్లంఘించినవారికి ఏడేండ్ల వరకు జైలుశిక్ష కలదు. 2020 మార్చిలో కరోనా వ్యాపించినప్పుడు మూడు పొరల మాస్కు 10 రూపాయలకు, 200 మి.లీ. శానిటైజరు 100 రూపాయలకు మించరాదని ఈ చట్టము క్రిందనే ఉత్తరువు వెలువడినది.

అయితే ఉత్తరువు కొండ నెక్కునా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరమును తాకినప్పుడు అరకు రైలుమార్గము సైతము దెబ్బతిన్నది. దారి తెగినచోట వారపు సంతకు సరుకు చేరదు. ఉన్న ఒక్క వర్తకుడు చెప్పినదే ధర. తనిఖీ అధికారి వచ్చుసరికి సంత ముగియును.

కావున శిక్షకు తోడు న్యాయమైన ధరకు అమ్ము అంగడి కావలెను. దళారుల దోపిడి నుండి గిరిజనులను కాపాడుటకు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకు డిపోలు కలవు. వానలకు ముందే వాటిలో బియ్యము, పప్పు, ఉప్పు నిలువచేసిననే చట్టము గిరిజనునకు రక్షయగును.