ఒకే పేరుగల మిత్రుడు, శత్రువు

కార్తీకమాసము వచ్చుసరికి పెరటిలోని చిక్కుడుపాదు పందిరినంతయు అల్లుకొని పూతపట్టును. దానికి పేనుబంక పట్టుటయు తరచుగా ఆ దినములలోనే. లేతచిగుళ్లకును, పూతకును, పిందెలకును నల్లని చిన్నపురుగులు గుంపులుగా అంటుకొనియుండును. ఒక్కొక్క పురుగు 2 మిల్లీమీటర్లకు మించి యుండదు. అయినను అవి వేలకొలది చేరి, సూదివంటి నోటితో రసమును పీల్చుటచేత చిగుళ్లు ముడుచుకొనును, పూత రాలును, కాయలు గిడసబారును.

పేనుబంక ఇంత త్వరగా వ్యాపించుటకు కారణము కలదు. వెచ్చని ప్రాంతములలో దీని ఆడుపురుగులు మగపురుగుల తోడు లేకయే, గ్రుడ్లు పెట్టకయే, నేరుగా పిల్లలను కనును. ఆ పిల్లలు వారము పది దినములలో పెరిగి, తామును పిల్లలను కనును. కొమ్మపై చోటు చాలనప్పుడు కొన్నిటికి రెక్కలు వచ్చి, వేరొక మొక్కపైకి ఎగిరిపోవును. ఇవి తీయని బంకను విసర్జించును. ఆ బంకపై మసివంటి బూజు పట్టి ఆకులు నల్లబడును. తీపికై చీమలు చేరి, పేనుబంకకు కావలి కాచి, దానిని తినవచ్చు పురుగులను తరిమివేయును.

అట్లు తినవచ్చు పురుగులలో ముఖ్యమైనది అక్షింతల పురుగు. దీని వీపు గుండ్రముగా, నున్నగా మెరయుచుండును. ఎర్రని లేక నారింజరంగు రెక్కలపై నల్లని మచ్చలో, చారలో ఉండును. ఇది పసుపుపచ్చని గ్రుడ్లను నిలువుగా పేర్చినట్లు గుంపుగా పెట్టును. వానినుండి వెలువడు పిల్లపురుగు తల్లిని పోలియుండదు. నల్లని పొడుగుపాటి ఒడలిపై నారింజ మచ్చలతో అది బుల్లి మొసలివలె కనబడును. దానిని చూచి, తోటకు కీడు చేయునదని తలచి, నలిపివేయువారు పెక్కుమంది. నిజమునకు ఆ పిల్లపురుగు పెరిగి పెద్దదగులోపల వందలకొలది పేనుబంక పురుగులను తినివేయును.

చిక్కేమనగా, వంగ, కాకర ఆకులను తిను మరియొక పురుగును కూడ జనులు అక్షింతల పురుగనియే పిలుతురు. రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. కాని ఈ రెండవదాని రెక్కలపై సన్నని నూగు ఉండుటచే మెరుపు కానరాదు. మచ్చలును ఎక్కువ, ఒక జాతికి 28 మచ్చలు ఉండును. దీని పిల్ల పసుపుపచ్చగా, ఒడలెల్ల ముండ్లతో ఉండును. తల్లియు పిల్లయు ఆకులోని పచ్చదనమును గీకి తినుటచే ఆకు జల్లెడవలె మారును. కావున ఆకు జల్లెడయైనచోట కనబడునది శత్రువు. పేనుబంక నడుమ చురుకుగా తిరుగునది మిత్రుడు.

ఈ మిత్రుని శక్తికి కాలిఫోర్నియా నారింజతోటలే సాక్ష్యము. ఆస్ట్రేలియానుండి వచ్చిన ఒక తెల్లని పొలుసుపురుగు 1880 తరువాత అచ్చటి తోటలను పాడుచేయసాగెను. ఆల్బర్ట్ కోబెలె అను కీటకశాస్త్రజ్ఞుడు 1888లో ఆస్ట్రేలియాకు పోయి, దానిని తిను ఒక జాతి అక్షింతల పురుగులను ఓడలలో పంపెను. వానిని తోటలలో విడువగా, రెండేండ్లు గడువకమునుపే ఆ పీడ అణగిపోయెను. నీలగిరులలో అదే పొలుసుపురుగు కనబడినప్పుడు, 1929లో మన దేశమునకును ఆ మిత్రునే తెప్పించిరి.

పేనుబంక కొద్దిగా ఉన్నప్పుడే దానిని వ్రేళ్లతో తుడిచివేయవచ్చును; లేదా నీటిని వేగముగా చిమ్మి రాల్చవచ్చును. మిక్కిలిగా పట్టిన చిగుళ్లను త్రుంచి పారవేయవలెను. చీమలు పాదు నెక్కకుండ చూడవలెను. అప్పటికిని తగ్గనిచో, 50 గ్రాముల వేపపప్పును పొడిచేసి, ఒక లీటరు నీటిలో రాత్రియంతయు నాననిచ్చి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి సాయంకాలమున చల్లవలెను. వంగమొక్కపైనున్న శత్రువును, దాని గ్రుడ్లను ఏరి సబ్బునీటిలో వేసిన చాలును. ఘాటైన పురుగుమందును చల్లినచో శత్రువుతోపాటు మిత్రుడును చచ్చును. పేనుబంకయో కొద్దిదినములలోనే మరల పెరుగును. దానిని తినునది మాత్రము అంత త్వరగా తిరిగిరాదు.

కావున పురుగు కనబడినంతనే చేయి ఎత్తరాదు. అది ఏ మొక్కపై ఉన్నదో, ఏమి తినుచున్నదో ఒక నిమిషము నిలిచి చూడవలెను. ఆ మాత్రపు ఓర్పుగలవాని పెరటిలో కావలి కాయుటకు అక్షింతల పురుగులు మిగిలియుండును.